పాఠకుల ప్రశ్నలు: ఒకే పైపు, ఒకే దూరం, టీడీసీ చిప్ మాత్రం ఒక్కోసారి ఒక్కో లెక్క

ప్రశ్న: నమస్తే సార్. నేను రాజాంలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. పొలం పైపులో నీళ్లు ఎంత వేగంగా పోతున్నాయో కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్ మా ప్రాజెక్టు. పీవీసీ పైపులో 10 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా రెండు 1 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు (శబ్దాన్ని పంపేవి, అందుకునేవి), ఆన్‌లైన్‌లో తెప్పించిన టీడీసీ7200 మాడ్యూలు (టీడీసీ అంటే టైమ్ టు డిజిటల్ కన్వర్టర్, స్టార్ట్, స్టాప్ పల్సుల మధ్య కాలాన్ని కొలిచే చిప్), దాన్ని నడిపే ఆర్డుయినో ఊనో బోర్డు. నీళ్లు ఆపేసి చూసినా రీడింగు నిలబడదు. పొద్దున 67.52 మైక్రోసెకన్లు చూపిస్తూ ఉన్నట్టుండి 68.52 అంటుంది. అప్పుడప్పుడు సున్నా. టైమ్1 లోంచి టైమ్2 తీసేస్తే కొన్నిసార్లు 429 కోట్ల చిల్లర వస్తోంది. మధ్యాహ్నానికి మొత్తం రీడింగే 66 చిల్లరకి దిగిపోతుంది. చిప్ పోయిందేమోనని ఇంకోటి పెట్టాం, అదీ అంతే. వంద రీడింగులకు సగటు తీసి చూపిద్దాం అంటున్నారు మా బ్యాచ్ వాళ్లు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సగటు ఆలోచన మానుకోండి. 67.52లూ 68.52లూ కలిపి భాగించి 67.7 అని చూపిస్తే, అంత కాలం మీ పైపులో ఏ శబ్దమూ ప్రయాణించలేదు కదా. సగటు ఎప్పుడు పనికొస్తుందంటే రీడింగులన్నీ ఒకే విలువ చుట్టూ కాస్త అటూఇటూగా చెదిరినప్పుడు. మీ దగ్గర జరుగుతున్నది అది కాదు, నాలుగు వేర్వేరు కారణాలు ఒకే స్క్రీన్ మీద కలగలిసి కనబడుతున్నాయి. రెండో చిప్ కూడా అచ్చం అలాగే చేసిందంటే చిప్‌ని అనుమానించడం ఇక అనవసరం.

మొదట ఊనోలో లెక్కలు వేయడం ఆపేయండి. చిప్ లోపలి అంకెల్ని ఉన్నవి ఉన్నట్టుగా, అంటే టైమ్1, టైమ్2, క్లాక్ కౌంట్1, కాలిబ్రేషన్1, కాలిబ్రేషన్2, వీటితో పాటు ఇంటరప్ట్ స్టేటస్, ఒక్కో కొలతకి ఒక్కో లైనుగా ల్యాప్‌టాప్‌కి పంపండి. వెయ్యి లైన్లు పోగయ్యాక ఎక్సెల్‌లో వేసి ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో గ్రాఫ్ గీయండి. ఒకే గుట్ట వెడల్పుగా వస్తే నాయిస్, సరిగ్గా 1 మైక్రోసెకను ఎడంగా రెండు గుట్టలు వస్తే శబ్దపు అలల దగ్గర తేడా, 125 నానోసెకన్ల ఎడం ఉంటే క్లాక్ దగ్గర తేడా. ఇంత స్పష్టంగా చెప్పే గ్రాఫ్‌ని వదిలేసి చిప్పులు మార్చుకుంటూ కూర్చుంటే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి.

ఇప్పుడు 429 కోట్ల సంగతి. ఇది తేలికైంది, కానీ చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మీ 67 మైక్రోసెకన్లకి వాడాల్సింది ఈ చిప్‌లో మోడ్2 (మోడ్1 పరిధి 12 నుంచి 500 నానోసెకన్లే, మోడ్2 మాత్రం 250 నానోసెకన్ల నుంచి 8 మిల్లీసెకన్ల దాకా కొలుస్తుంది). మోడ్2లో చిప్ కాలాన్ని మూడు ముక్కలుగా కొలుస్తుంది. స్టార్ట్ పల్సు వచ్చిన క్షణం నుంచి తర్వాతి క్లాక్ అంచు దాకా ఉన్న చిన్న ముక్క టైమ్1. స్టాప్ నుంచి దాని తర్వాతి క్లాక్ అంచు దాకా ఉన్నది టైమ్2. ఆ రెండు అంచుల మధ్య గడిచిన పూర్తి క్లాకులు క్లాక్ కౌంట్1. 8 మెగాహెర్ట్జ్ క్లాక్ అయితే ఒక్కోటి 125 నానోసెకన్లు. కాబట్టి అసలు కాలం అంటే క్లాక్ కౌంట్‌ని 125 నానోసెకన్లతో గుణించి, దానికి టైమ్1 మైనస్ టైమ్2 ముక్కని కలపాలి. ఆ తీసివేతకు జవాబు మైనస్‌లో రావచ్చు, అది తప్పు కాదు. మీరు రెండింటినీ అన్‌సైన్డ్ లాంగ్‌లో (మైనస్ అంకెలు పట్టని రకంలో) పెట్టారు, అందుకే మైనస్ రాగానే 4,29,49,67,296 నుంచి వెనక్కి లెక్కపెట్టిన సంఖ్య వచ్చి కూర్చుంటోంది.

ఎప్పుడూ కాకుండా కొన్నిసార్లే ఎందుకు వస్తోందో కూడా చూడండి, బాగుంటుంది. 67.52 మైక్రోసెకన్లలో 125 నానోసెకన్ల క్లాకులు 540 పోను 20 నానోసెకన్లు మిగులుతాయి. మీ స్టార్ట్ పల్సు క్లాక్‌తో సంబంధం లేకుండా ఎప్పుడంటే అప్పుడు వస్తుంది కాబట్టి, 125లో 20 వంతు, అంటే దాదాపు ఆరింట ఒకసారి, క్లాక్ కౌంట్ 541 అయి టైమ్ తేడా మైనస్ అవుతుంది. మీ వెయ్యి లైన్లలో ఎన్ని అలా వచ్చాయో లెక్కపెట్టండి, ఈ వంతుకు దగ్గరగా ఉంటే మీ చిప్ సరిగ్గా పనిచేస్తోందనడానికి అదే పెద్ద సాక్ష్యం. సైన్డ్ లాంగ్ పెట్టేస్తే ఆ సమస్య తీరిపోతుంది.

లెక్కలోనే ఇంకో మూడు చిన్న విషయాలు ఉన్నాయి. ఇవి 24 బిట్ల రిజిస్టర్లు, ఊనోలో ఇంట్ అంటే 16 బిట్లే, అందులో పట్టవు. కాన్ఫిగ్1లో పారిటీ ఆన్ చేసి ఉంటే పైనున్న బిట్ కొలత కాదు, దాన్ని తీసేసి చదవాలి. మూడోది, సీరియల్ ప్రింట్ ఏమీ చెప్పకపోతే దశాంశం తర్వాత రెండు స్థానాలే చూపిస్తుంది. మీరు 67.52 అని చదువుతున్నారంటే 10 నానోసెకన్ల కంటే చిన్న తేడా మీకు అసలు కనబడటమే లేదన్నమాట. 55 పికోసెకన్ల మెట్లతో కొలిచే చిప్ కొని 10 నానోసెకన్ల దగ్గర ఆగిపోకండి. లెక్కంతా పికోసెకన్లలో, 64 బిట్ల పూర్ణసంఖ్యల్లో చేయండి. ఊనోలో డబుల్ అని రాసినా అది ఫ్లోటే.

ఇంకోటి, మీ ప్రోగ్రామ్‌లో 55 అనే అంకెతో నేరుగా గుణిస్తున్నారేమో చూడండి. 55 పికోసెకన్లన్నది ఉజ్జాయింపు విలువ. లోపలి ఆసిలేటర్ వేగం చిప్ చిప్‌కీ, వేడికీ, వోల్టేజీకీ మారుతుంది. అందుకే ప్రతి కొలతతో పాటు చిప్ తన క్లాక్‌ని తానే కొలిచి కాలిబ్రేషన్1, కాలిబ్రేషన్2 ఇస్తుంది. మొదటిది 1 క్లాక్‌కి, మామూలు సెట్టింగులో రెండోది 10 క్లాకులకు లెక్క. రెండోదాంట్లోంచి మొదటిది తీసి 9తో భాగిస్తే ఒక క్లాక్‌కి ఎన్ని మెట్లో తెలుస్తుంది, 125 నానోసెకన్లకి అది సుమారు 2,270 ఉండాలి. 125 నానోసెకన్లని ఆ అంకెతో భాగించగా వచ్చిందే ఆ క్షణానికి మీ చిప్ అసలు మెట్టు. ఈ అంకె కొలత కొలతకీ పదుల్లో ఊగుతుంటే పైపు, ట్రాన్స్‌డ్యూసర్ అన్నీ మరిచిపోయి ముందు క్లాక్, పవర్ చూసుకోవాలి.

సున్నాల విషయానికొస్తే, బహుశా మీరు కొలత పూర్తి కాకముందే చదివేస్తున్నారు. స్టార్ట్ మెజర్‌మెంట్ బిట్ రాశాక ట్రిగ్ పిన్ పైకి లేస్తుంది, అది లేచాకే స్టార్ట్ పల్సు పంపాలి, ముందే పంపితే చిప్ పట్టించుకోదు. కొలత అయ్యాక ఇంట్‌బి పిన్ కిందికి పడుతుంది, అప్పుడే చదవాలి. డిలే పెట్టి అంచనాగా చదివే అలవాటు చాలామందికి ఉంది, అది వద్దు. ఇంట్‌బి ఓపెన్ డ్రెయిన్ పిన్, పుల్లప్ రెసిస్టర్ లేకపోతే అది సరిగా పలకదు. ఇంటరప్ట్ స్టేటస్‌లో ఓవర్‌ఫ్లో కనబడితే స్టాప్ పల్సు రాలేదని అర్థం. అలాంటి కొలతకి ఫోర్స్ కాల్ బిట్ పెడితే తప్ప కాలిబ్రేషన్ కూడా జరగదు, కాబట్టి ఆ లైనుని లెక్కలోకి తీసుకోకుండా వదిలేయండి.

67.52 నుంచి 68.52కి ఎగరడం అన్నిటికన్నా ముఖ్యమైంది. మీ ట్రాన్స్‌డ్యూసర్ 1 మెగాహెర్ట్జ్, అంటే ఒక అల సరిగ్గా 1 మైక్రోసెకను. అవతలికి చేరే శబ్దం ఒక్కసారిగా పూర్తి బలంతో రాదు, చిన్న అలతో మొదలై నాలుగైదు అలల్లో పెరుగుతుంది. మీ కంపారేటర్ ఫలానా ఎత్తు దాటిన మొదటి అలని పట్టి స్టాప్ ఇస్తుంది. ఆ ఎత్తు మూడో అల కొసకి దగ్గరగా ఉందనుకోండి, బలం రవ్వంత తగ్గినా మూడోది అందదు, నాలుగోది పట్టుకుంటుంది, రీడింగు ఒక మైక్రోసెకను పెరుగుతుంది. చిప్ తనకి వచ్చిన స్టాప్‌ని నిజాయితీగానే కొలిచింది. దీనికి మందు ఆసిలోస్కోప్ దగ్గర ఉంది. అందుతున్న సిగ్నల్ చూసి, కంపారేటర్ ఎత్తుని పక్కపక్క అలల కొసల మధ్యలో పడేలా జరపండి. ఆ అల దాటాక సిగ్నల్ సున్నాని దాటే చోట స్టాప్ ఇచ్చే సర్క్యూట్ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే సున్నా దాటే చోటు బలాన్ని బట్టి పెద్దగా జరగదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లదే టీడీసీ1000 అనే జోడీ చిప్ ఈ పని చేస్తుంది.

పైపులో గాలి బుడగలు ఉన్నా ఇలాగే ఎగురుతుంది. మోటారు వేసిన కొత్తలో పైపు గాలి కక్కుతుంది, ఆ కాసేపు వచ్చే రీడింగుల్ని నమ్మకండి. ట్రాన్స్‌డ్యూసర్లను పైపు పైభాగాన కాకుండా పక్కవాటంగా బిగిస్తే బుడగలు అడ్డుపడటం తగ్గుతుంది. పంపే పల్సు తాలూకు కరెంటు చప్పుడు రిసీవర్‌కి నేరుగా చేరి ముందే స్టాప్ ఇచ్చే ప్రమాదమూ ఉంది. దానికి స్టాప్ మాస్క్ రిజిస్టర్‌లో 480 రాయండి, 480 క్లాకులు అంటే మొదటి 60 మైక్రోసెకన్లు చిప్ ఏ స్టాప్‌నీ ఒప్పుకోదు.

ఇక పొద్దున, మధ్యాహ్నం తేడా. ఇది తప్పే కాదు! నీళ్లలో శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 1,482 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర 1,509. 10 సెంటీమీటర్లకి మొదటిదాంట్లో 67.5 మైక్రోసెకన్లు, రెండోదాంట్లో 66.3. డాబా మీద ఎండకి కాగిన నల్ల ట్యాంకు నీళ్లు పైపులో నింపుకుంటే మీకు వచ్చిన మార్పు అచ్చంగా ఇదే. మీరు పట్టుకోవాల్సిన ప్రవాహం దీంతో పోలిస్తే ఎంత చిన్నదో చూడండి. నీళ్లు సెకనుకి 1 మీటరు వేగంతో పోతుంటే, వాలు వైపు వెళ్లే శబ్దానికీ ఎదురు వచ్చే శబ్దానికీ తేడా సుమారు 91 నానోసెకన్లు. నీళ్ల వేడి ఒక్క డిగ్రీ మారితే మొత్తం కాలం 100 నానోసెకన్లకు పైగా మారుతుంది. కాబట్టి ఒకవైపు మాత్రమే కొలిచి ప్రవాహం చెప్పడం కుదరదు. ట్రాన్స్‌డ్యూసర్ల పాత్రలు మార్చి రెండు వైపులా వెంటవెంటనే కొలిచి తేడా తీస్తే వేడి ప్రభావం చాలామటుకు కొట్టుకుపోతుంది. మొత్తం కాలాన్ని బట్టి నీళ్ల వేడి కూడా లెక్కకట్టుకోవచ్చు, ఇది రివ్యూలో చెప్పండి, మార్కులు పడతాయి.

మీరు రాయకపోయినా నాకు అనుమానంగా ఉన్నది ఒకటి ఉంది. ఊనో 5 వోల్టులది, టీడీసీ7200 సరఫరా 2 నుంచి 3.6 వోల్టుల మధ్యే ఉండాలి. మీ మాడ్యూలు మీద లెవెల్ షిఫ్టర్ (5 వోల్టుల సిగ్నల్‌ని చిప్‌కి తగ్గట్టు తగ్గించేది) ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే ఊనో నుంచి వచ్చే 5 వోల్టుల ఎస్‌పీఐ తీగలు (ఊనో, చిప్ మాట్లాడుకునేవి) చిప్‌ని మెల్లగా చంపేస్తాయి, మధ్యలో చిత్రమైన రీడింగులూ ఇస్తాయి. క్లాక్‌ని కూడా ఊనో నుంచి తీసుకోకండి. ఊనో ఆర్3 బోర్డులో ప్రధాన చిప్‌కి ఉన్నది క్రిస్టల్ కాదు, సిరామిక్ రెజొనేటర్. అది 0.1 శాతం పక్కకి జరిగినా 67 మైక్రోసెకన్లలో 67 నానోసెకన్లు పోయినట్టే. విడిగా 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ పెట్టండి, పొట్టి తీగతో చిప్ దగ్గరే. వీరెగ్ పిన్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, వీడీడీ పిన్‌కి 100 నానోఫారడ్, రెండూ కాళ్లకి ఆనుకుని ఉండాలి. బ్రెడ్‌బోర్డు మీద జానెడు జంపర్ వైర్లతో పికోసెకన్లు ఆశించకండి.

ఇవన్నీ అయ్యాక చిప్‌ని ఒంటరిగా పరీక్షించండి. కేబుల్ టీవీ వాళ్లు వాడే ఆర్‌జి-6 వైరు ఓ 20 మీటర్లు తెచ్చుకోండి, ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. అందులో సిగ్నల్ మీటరుకి సుమారు 4 నానోసెకన్లు తీసుకుంటుంది, అంటే మొత్తం 80 నానోసెకన్లు. ఒకే పల్సుని స్టార్ట్‌కి నేరుగా, స్టాప్‌కి ఈ వైరు గుండా ఇవ్వండి. వైరు మొదట్లో 68 ఓముల రెసిస్టరు వరసగా పెడితే పల్సు అవతలి కొసన కొట్టుకుని తిరిగి వచ్చి గందరగోళం చేయదు. మోడ్1లో వెయ్యిసార్లు కొలవండి. డేటాషీట్ చెప్పే చెదురు 35 పికోసెకన్లు, మీ బల్ల మీద 100 లోపు వచ్చినా చాలు, చిప్ బాగున్నట్టే. తర్వాత వైరుని సగానికి కోసి మళ్లీ కొలిస్తే రీడింగు 40 నానోసెకన్ల దాకా తగ్గాలి. అది తగ్గిందంటే మిగిలిన తేడాలన్నీ ట్రాన్స్‌డ్యూసర్, కంపారేటర్ వైపు ఉన్నాయని నిశ్చింతగా అటే చూసుకోవచ్చు.

ప్రశ్న: శ్రీకాకుళంలో హైస్కూలు ఫిజిక్స్ టీచర్ని. ఇంత చిన్న కాలాన్ని కొలవడానికి ప్రత్యేకంగా చిప్ ఎందుకండీ? వేగంగా కొట్టుకునే క్లాక్ పెట్టి లెక్కపెడితే సరిపోదా? పిల్లలు అడిగారు.

జవాబు: మాస్టారూ, పిల్లలు సరైన ప్రశ్న అడిగారు. 55 పికోసెకన్లకి ఒక లెక్క పడాలంటే సెకనుకి 1,800 కోట్ల సార్లు, అంటే 18 గిగాహెర్ట్జ్ దగ్గర కొట్టుకునే క్లాక్ కావాలి. అంత వేగపు కౌంటర్ చేయడం కష్టం, చేసినా కరెంటు బాగా తాగుతుంది, బ్యాటరీతో నడిచే నీటి మీటరుకి పనికిరాదు. టీడీసీలో ఉపాయం వేరు. ఒక లాజిక్ గేటు నుంచి ఇంకో గేటుకి సిగ్నల్ వెళ్లడానికి పట్టే ఆలస్యం పికోసెకన్లలో ఉంటుంది. అలాంటి గేట్లను వరసగా, ఒక చక్రంలా కలిపి, స్టార్ట్ రాగానే సిగ్నల్‌ని పరిగెత్తించి, స్టాప్ వచ్చేసరికి అది ఎన్ని గేట్లు దాటిందో చూస్తారు. పెద్ద లెక్క మామూలు క్లాక్‌తో, చివరి చిన్న ముక్కలు మాత్రమే గేట్లతో. పిల్లలకి చెప్పడానికి ఒక అంకె ఇస్తాను, 55 పికోసెకన్లలో కాంతి కూడా 16 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే వెళ్లగలదు.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నానండి, డిప్లొమా విద్యార్థినిని. లేజర్ పల్సు, టీడీసీ7200తో దూరం కొలిచే పరికరం చేశాను. ఒకే దూరంలో సున్నం వేసిన తెల్ల గోడకి ఒక రీడింగు, పాకుడు పట్టి నల్లబడిన రాతి గోడకి ఇంకో రీడింగు, నల్లగోడ అడుగు ఎక్కువ దూరంలో ఉన్నట్టు చూపిస్తోంది. గది లోపల దగ్గర వస్తువులకైతే అసలు అర్థం లేని అంకెలు. చిప్ కాలిబ్రేషన్ సరిచేస్తే పోతుందా?

జవాబు: పోదమ్మా, ఇది కాలిబ్రేషన్ సమస్య కాదు. అడుగు అంటే 30 సెంటీమీటర్లు, కాంతి వెళ్లి తిరిగి రావాలి కాబట్టి అది 2 నానోసెకన్ల ఆలస్యం. మీ చిప్ మెట్టు కంటే అది 30 రెట్లకు పైగా పెద్దది, అంత తప్పు చిప్ చేయదు. తెల్లగోడ నుంచి బలమైన పల్సు వస్తుంది, అది నిటారుగా లేచి కంపారేటర్ ఎత్తుని వెంటనే దాటేస్తుంది. నల్లగోడ నుంచి వచ్చే పల్సు బలహీనం, అదే సమయానికి బయల్దేరినా అదే ఎత్తుకి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ ఆలస్యాన్నే మీ పరికరం దూరం అనుకుంటోంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, స్థిరమైన ఎత్తు దగ్గర కాకుండా పల్సు తన సొంత కొసలో ఇన్నో వంతుకి చేరినప్పుడు స్టాప్ ఇచ్చే సర్క్యూట్, దాన్ని కాన్‌స్టంట్ ఫ్రాక్షన్ డిస్క్రిమినేటర్ అంటారు, బలం మారినా అది పెద్దగా జరగదు. కట్టడానికి కొంచెం ఓపిక కావాలి. రెండోది, పల్సు లేచే అంచుతో పాటు దిగే అంచుని కూడా కొలిచి వెడల్పు తెలుసుకోవడం. బలమైన పల్సు వెడల్పుగా, బలహీనమైనది సన్నగా ఉంటుంది, కాబట్టి వెడల్పుని బట్టి ఎంత సరిదిద్దాలో ఒక పట్టిక తయారుచేసుకోవచ్చు. డిప్లొమా ప్రాజెక్టుకి నేనైతే ఈ రెండోదే ఎంచుకుంటాను. ఒకే చోట నిలబెట్టి తెల్ల కాగితం, బూడిదరంగు అట్ట, నల్లగుడ్డ మార్చి మార్చి కొలిస్తే పట్టిక ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది.

దగ్గర వస్తువుల సంగతి వేరు. ఈ చిప్ మోడ్1లో 12 నానోసెకన్ల కంటే తక్కువ కాలాన్ని కొలవలేదు. కాంతి వెళ్లి రావాలి కాబట్టి, అది 1.8 మీటర్ల దూరంలో ఉన్న వస్తువుకి సమానం. అంతకంటే దగ్గరున్న వస్తువుకి వచ్చిన అంకె ఏదైనా దానికి విలువ లేదు. స్టాప్ దారిలో 5 మీటర్ల ఆర్‌జి-6 వైరు కలిపితే ప్రతి కొలతకి సుమారు 20 నానోసెకన్లు అదనంగా చేరి, బల్ల మీద వస్తువు కూడా పరిధిలోకి వస్తుంది. వైరు తెచ్చే ఆలస్యం కచ్చితంగా ఎంతో తెలియడానికి టేపుతో కొలిచి సరిగ్గా 1 మీటరు దూరంలో తెల్ల అట్ట పెట్టండి, వచ్చిన కాలంలోంచి 6.67 నానోసెకన్లు తీసేయండి, మిగిలిందే మీ పరికరం సొంత ఆలస్యం. ఆ అంకెని ప్రతి రీడింగులోంచీ తీసేస్తూ పోవడమే. లేజర్ ఎదురుగా కళ్లు పెట్టకండి, ఇంట్లో చిన్నపిల్లలు తిరిగే చోట అసలు ఆన్ చేయకండి.